మౌనం అంగీకారం కాదన్న వాక్యం: గోప్యతా ఒప్పందంలో అది ఎంతవరకు కాపాడుతుంది?

మౌనం అర్ధాంగీకారం అని మనం మాటవరసకు అంటుంటాం. గోప్యతా ఒప్పందాలు రాసే న్యాయవాదులకు ఈ మాటంటే భయం. అందుకే దాదాపు ప్రతి గోప్యతా ఒప్పందం (ఎన్‌డీఏ) చివర, చిరునామాలూ నోటీసుల పద్ధతీ ఉండే చోట, ఇలాంటి పేరా ఒకటి కనిపిస్తుంది:

"ఈ ఒప్పందం కింద తనకున్న హక్కును వినియోగించుకోవడంలో ఒక పక్షం జాప్యం చేసినా, వినియోగించుకోకపోయినా ఆ హక్కును వదులుకున్నట్టు కాదు. ఒక హక్కును పాక్షికంగా వినియోగించుకున్నంత మాత్రాన మిగతా భాగాన్నీ, ఇతర హక్కులనూ తర్వాత వినియోగించుకోవడానికి అడ్డు ఉండదు. వదులుకునే పక్షం తరఫున అధీకృత ప్రతినిధి సంతకంతో రాతపూర్వకంగా ఉంటేనే వదులుకోవడం చెల్లుతుంది. ఒక ఉల్లంఘన విషయంలో ఇచ్చిన మినహాయింపు మరో ఉల్లంఘనకు వర్తించదు."

ఆఫీసుల్లో దీన్ని వేవర్ క్లాజు అంటారు. సంతకాల వేళ దీని మీద బేరం జరగడం అరుదు. పాత నమూనాలో ఉన్నది ఉన్నట్టు దించుకుని రెండు పక్షాలూ ముందుకు సాగిపోతాయి. గొడవ వచ్చాకే అందరికీ ఇది గుర్తొస్తుంది. అప్పుడు "మేం ఇన్నాళ్లూ ఊరుకున్నా మా హక్కు ఎక్కడికీ పోలేదు, ఒప్పందంలోనే రాసుంది" అన్న ధీమా మొదలవుతుంది. ఆ ధీమా సగమే నిజం. ఈ పేరా కాపాడేది దావా వేసే హక్కును. రహస్యాన్ని అది కాపాడలేదు. మామూలు కాంట్రాక్టులో ఈ తేడా పెద్దగా బాధించదు, ఎందుకంటే రావాల్సిన డబ్బు ఆలస్యంగా అడిగినా డబ్బే. గోప్యత అలాంటిది కాదు. ఒకసారి బయటపడిన సమాచారాన్ని ఏ తీర్పూ మళ్లీ రహస్యంగా మార్చలేదు.

హక్కు ఎప్పుడు వదులుకున్నట్టు?

తనకు ఫలానా హక్కు ఉందని తెలిసి, దాన్ని కావాలని విడిచిపెట్టడాన్నే చట్టం హక్కు వదులుకోవడం అంటుంది. తెలియడం, విడిచిపెట్టాలని అనుకోవడం రెండూ ఉండాలి. అది మాటల్లోనే చెప్పాలని లేదు, నడవడిక నుంచి కూడా ఊహించవచ్చు. మన సుప్రీంకోర్టు మోతీలాల్ పదంపత్ షుగర్ మిల్స్ కేసులో ఈ సూత్రాన్ని స్పష్టంగా చెప్పింది. వనస్పతి కర్మాగారం పెట్టే కంపెనీకి అమ్మకపు పన్ను నుంచి మూడేళ్ల మినహాయింపు ఇస్తామని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మాట ఇచ్చి, తర్వాత వెనక్కి తగ్గింది. కంపెనీ మధ్యలో పాక్షిక రాయితీకి ఒప్పుకుంది కాబట్టి పూర్తి మినహాయింపు హక్కును వదులుకున్నట్టేనని ప్రభుత్వం వాదించింది. కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. హక్కు ఉందని తెలియనివాడు దాన్ని వదులుకోలేడని, ప్రతి ఒక్కరికీ చట్టం తెలుసని ముందే అనుకోవడానికి వీల్లేదని చెప్పింది.

ఇక వదులుకోవడానికి ఎదుటివారి నుంచి ప్రతిఫలం అందాలా అంటే, దేశాన్ని బట్టి సమాధానం మారుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం, మాట పొందినవారు ఆ మాట నెరవేర్చనక్కర్లేదని పూర్తిగా గానీ కొంతవరకు గానీ విడిచిపెట్టవచ్చు, గడువు పెంచవచ్చు. దానికి బదులుగా ఏదీ పుచ్చుకోనవసరం లేదు. ఇంగ్లాండ్ చట్టం ఇక్కడ కాస్త గట్టిగా ఉంటుంది. ప్రతిఫలం లేకుండా ఇచ్చిన సడలింపు నిలవాలంటే, ఎదుటివారు దాన్ని నమ్మి నడుచుకున్నారని, ఇప్పుడు మాట మార్చడం అన్యాయమని చూపించగలగాలి. అలాంటి సడలింపును చాలా సందర్భాల్లో తగినంత ముందస్తు నోటీసు ఇచ్చి వెనక్కి తీసుకోవచ్చు కూడా.

దీన్నిబట్టి భారత చట్టం వర్తించే ఒప్పందంలో సంతకం, రాత అనే షరతులకు ఇంకా ఎక్కువ విలువ ఉందని నేననుకుంటాను. ఊరికే ఇచ్చిన సడలింపు కూడా చెల్లే చోట, అసలు సడలింపు ఇచ్చారా లేదా అన్నదే గొడవ అవుతుంది. ఆ గొడవను తగ్గించడానికే ఆ షరతులు.

పేరాలో ఒక్కో మాట చేసే పని

ఒక యంత్రాల డిజైన్ కంపెనీ తన నక్షాలను తయారీదారుకు ఇచ్చిందనుకుందాం. ముందస్తు అనుమతి లేకుండా మూడోవారికి చూపించకూడదని ఒప్పందం. తయారీదారు ఒక భాగాన్ని బయటి వర్క్‌షాపులో చేయిస్తూ నక్షా అక్కడికి పంపాడు. ఆ ఈమెయిల్ కాపీ డిజైన్ కంపెనీ ఇంజనీరుకూ వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. మరుసటి నెలా అంతే. ఆ తర్వాత తయారీదారు అదే నక్షాను డిజైన్ కంపెనీ పోటీదారుకు పనిచేసే వర్క్‌షాపుకు పంపినప్పుడు డిజైన్ కంపెనీ మేలుకుని నోటీసు ఇచ్చింది. తయారీదారు సమాధానం ఊహించడం కష్టం కాదు: "ఇదివరకూ పంపాం, మీకు తెలుసు, మీరు ఊరుకున్నారు. అది మన మధ్య అలవాటైపోయింది."

పై పేరా లేకపోతే ఈ జవాబుకు బలం ఉంటుంది. ఆ పేరా ఉంటే, జాప్యం గురించిన మొదటి వాక్యం "ఊరుకున్నారు" అన్న వాదనకు అడ్డుపడుతుంది. ఒక ఉల్లంఘనకు ఇచ్చిన మినహాయింపు మరోదానికి వర్తించదన్న చివరి వాక్యం "అలవాటైంది" అన్న వాదనకు అడ్డుపడుతుంది. మొదటి రెండుసార్లూ వదిలేశారనే అనుకున్నా, మూడోది వేరే ఉల్లంఘన. పాక్షిక వినియోగం గురించిన వాక్యం వేరే పని చేస్తుంది. డిజైన్ కంపెనీ మొదట నక్షాలు తిరిగి ఇచ్చేయమని మాత్రమే అడిగి, నష్టపరిహారం సంగతి ఎత్తలేదనుకోండి. తర్వాత పరిహారం అడగడానికి దారి మూసుకుపోకుండా చూసేది అదే.

అధీకృత ప్రతినిధి అన్న మాటను నేను అన్నిటికంటే శ్రద్ధగా చదువుతాను. ఈమెయిల్ కాపీ అందుకున్న ఇంజనీరు "సరే" అని జవాబిచ్చి ఉంటే ఏమయ్యేది? ఆయనకు ఆ అధికారం ఉందా? ఒప్పందంలో పదవి పేరు రాసి ఉంటే సమాధానం తేలిగ్గా దొరుకుతుంది. రాయకపోతే, కంపెనీ ఆయన్ని ఎలా నిలబెట్టింది, తయారీదారుతో వ్యవహారమంతా ఆయన ద్వారానే నడిపిందా అనే ప్రశ్నలు మొదలవుతాయి. రహస్య సమాచారం ఇచ్చే పక్షమైతే పదవి పేరు రాయించుకోవాలి. తీసుకునే పక్షానికీ అదే మంచిది, ఎందుకంటే ఎవరి సంతకం తెచ్చుకుంటే నిశ్చింతగా ఉండవచ్చో ముందే తెలుస్తుంది.

"సరే, ఈసారికి పంపండి"

ఆ ఇంజనీరు జవాబును ఇంకాస్త దగ్గరగా చూద్దాం. "సరే, ఈసారికి పంపండి" అని ఒక వాక్యం. దీనికి మూడు అర్థాలు చెప్పుకోవచ్చు.

మొదటిది, అనుమతి. ముందస్తు అనుమతితో మూడోవారికి చూపించవచ్చని ఒప్పందంలోనే ఉంది కాబట్టి, ఇది ఆ దారిలో జరిగిన పని. ఇక్కడ ఉల్లంఘనే లేదు, వదులుకోవడం అనే ప్రసక్తే రాదు. రెండోది, వదులుకోవడం. నక్షా అప్పటికే పంపేసి, తర్వాత చెప్పి ఉంటే, జరిగిపోయిన ఉల్లంఘనను వదిలేస్తున్నామని అర్థం. మూడోది, సవరణ. ఇకమీదట వర్క్‌షాపులకు పంపవచ్చని ఇద్దరూ ఒప్పుకున్నారన్న వాదన. అనుమతి ఉల్లంఘనకు ముందు వస్తుంది, వదులుకోవడం తర్వాత వస్తుంది, సవరణ ఒప్పందాన్నే మార్చేస్తుంది. కోర్టులో ఒక పక్షం మొదటిదంటుంది, మరో పక్షం రెండోదంటుంది. చాలా ఎన్‌డీఏల్లో ఈ మూడింటికీ వేర్వేరు షరతులు ఉంటాయి. అనుమతికి "రాతపూర్వకంగా" అని మాత్రమే రాసి, వదులుకోవడానికి సంతకం అడిగి, సవరణకు ఇద్దరి సంతకాలూ అడుగుతారు. ఒకే ఈమెయిల్ మొదటి షరతును నెరవేర్చి మిగతా రెండిటినీ నెరవేర్చకపోవచ్చు.

ఈమెయిల్ రాతపూర్వకమేనా అన్నది ఇంకో చిక్కు. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని మన 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 10ఏ సెక్షన్ చెబుతోంది. ఈ-సైన్ చట్టం ద్వారా అమెరికా కూడా 2000లోనే ఇదే దారి పట్టింది. కాబట్టి "రాత" అంటే కాగితమే అనుకుని ఈమెయిల్‌లో, వాట్సాప్‌లో ధారాళంగా మాటలు ఇచ్చేయకూడదు. ఈమెయిల్ ద్వారా వదులుకోవడం చెల్లకూడదనుకుంటే ఆ మాట పేరాలో విడిగా రాయాలి.

నోటిమాటతో ఒప్పందాన్ని మార్చుకోవచ్చా అన్న ప్రశ్న 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. లండన్‌లో ఆఫీసు స్థలం తీసుకున్న రాక్ అడ్వర్టైజింగ్ అనే సంస్థ అద్దె బకాయి పడింది. వాయిదాలను మార్చుకుంటామని ఫోన్లో మాట్లాడుకున్నామని ఆ సంస్థ అంది. ఒప్పందంలో మాత్రం మార్పులన్నీ రాతపూర్వకంగా, సంతకాలతో ఉండాలని ఉంది. కోర్టు ఆ షరతునే నిలబెట్టింది. తాము పెట్టుకున్న పద్ధతికి పక్షాలు కట్టుబడాల్సిందేనంది. కానీ తలుపు పూర్తిగా మూయలేదు. రాత లేకపోయినా ఈ మార్పు చెల్లుతుందని ఒక పక్షం తన మాటల ద్వారా, చేతల ద్వారా స్పష్టంగా నమ్మించి, ఎదుటివారు దాన్ని నమ్మి నడుచుకుంటే, ఆ తర్వాత రాత లేదని అడ్డం తిరగడాన్ని న్యాయం ఒప్పుకోకపోవచ్చంది. నోటిమాట ఒక్కటే దానికి చాలదని కూడా చెప్పింది.

పేరా ఆగిపోయే చోట్లు

వదులుకోలేదని రాసుకున్నా హక్కు జారిపోయే సందర్భాలకు నాకు తెలిసిన స్పష్టమైన ఉదాహరణ బ్రిటన్ పోస్టాఫీసు సంస్థకూ టెలీ2 అనే కంపెనీకీ మధ్య నడిచిన కేసు. ఫోన్ కార్డుల సేవల ఒప్పందం అది. మాతృసంస్థ హామీ పత్రాన్ని ఏటా డిసెంబరులోగా, రాబోయే సంవత్సరం కోసం, టెలీ2 ఇవ్వాలి. 2004 సంవత్సరానికి ఆ పత్రం రాలేదు. ఒప్పందం రద్దు చేసుకునే హక్కు పోస్టాఫీసుకు వచ్చింది. అయినా అది దాదాపు ఏడాది పాటు ఏమీ జరగనట్టే ఒప్పందాన్ని నడిపించి, 2004 డిసెంబరులో రద్దు నోటీసు ఇచ్చింది. జాప్యం వల్ల హక్కు పోదన్న క్లాజు ఒప్పందంలో ఉంది. 2009లో అప్పీలు కోర్టు పోస్టాఫీసుకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. రద్దు చేయాలా, కొనసాగించాలా అన్న రెండు దారుల్లో ఒకదాన్ని ఎంచుకోక తప్పని చోట, ఏడాది పాటు ఒప్పందాన్ని నడిపించడమే ఎంపిక అయిపోయిందని, ఆ ఎంపికను వేవర్ క్లాజు చెరిపేయలేదని కోర్టు అంది.

గోప్యతా ఒప్పందంలో ఈ పాఠం ఎక్కడ వర్తిస్తుందంటే, ఉల్లంఘన జరిగితే మొత్తం ఒప్పందాన్ని రద్దు చేసి పత్రాలన్నీ వెనక్కి తీసుకోవచ్చన్న హక్కు విషయంలో. ఉల్లంఘన సంగతి తెలిసీ కొత్త పత్రాలు పంపుతూ పోతే, పాత ఉల్లంఘన కారణంగా రద్దు చేసే అవకాశం చేజారవచ్చు. పరిహారం అడిగే హక్కు అలా పోదు. అందుకే తెలివైనవారు పని ఆపకుండానే ఆ వారంలోనే ఒక ఉత్తరం పంపుతారు: ఉల్లంఘన మా దృష్టికి వచ్చింది, ఏం చేయాలో ఫలానా తేదీలోగా తేలుస్తాం, అప్పటిదాకా పని సాగినంత మాత్రాన ఒప్పందాన్ని కొనసాగించాలని నిర్ణయించుకున్నట్టు కాదు అని. ఆ తేదీ ఉత్తరానికి ప్రాణం. అది లేకుండా ఏళ్ల తరబడి "హక్కులు పదిలం" అంటూ ఉత్తరాలు రాస్తూ పోతే చివరికి పోస్టాఫీసు ఉన్న చోటికే చేరతాం.

కాలపరిమితి చట్టాన్నీ ఈ పేరా ఆపలేదు. కాంట్రాక్టు ఉల్లంఘనకు మన 1963 నాటి లిమిటేషన్ చట్టం మూడేళ్లు ఇస్తుంది. ఇంగ్లాండ్‌లో మామూలు కాంట్రాక్టుకు ఆరేళ్లు. జాప్యం చేసినా హక్కు పోదని ఎంత బలంగా రాసుకున్నా, గడువు దాటాక దావా నిలవదు.

ఇంజంక్షన్ విషయంలో జాప్యం ఇంకా తొందరగా దెబ్బతీస్తుంది. గోప్యత కేసుల్లో అసలు కావాల్సింది సమాచారం బయటపడకుండా ఆపే ఉత్తర్వే, డబ్బు ఆ తర్వాతి మాట. ఆ ఉత్తర్వు ఇవ్వడం కోర్టు విచక్షణ. కొనసాగుతున్న ఉల్లంఘనకు వాది తానే సమ్మతించి ఊరుకుని ఉంటే, దాన్ని ఆపే ఇంజంక్షన్ ఇవ్వకూడదని మన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని 41వ సెక్షన్ నేరుగా చెబుతోంది. ఇద్దరు రాసుకున్న కాగితం కోర్టు విచక్షణను కట్టిపడేయలేదు. నెలల తరబడి తెలిసీ కదలని కంపెనీ "ఇప్పుడే, ఈ క్షణమే ఆపండి" అంటే న్యాయమూర్తి మొదట అడిగేది, ఇన్నాళ్లూ ఎందుకు ఆగారనే.

రహస్యమే పోతే

చట్టం ఏ సమాచారాన్ని రహస్యంగా గుర్తిస్తుంది? మేధో సంపత్తి హక్కుల మీద 1995 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఒప్పందం ట్రిప్స్ 39వ అధికరణంలో మూడు లక్షణాలు చెప్పింది. సమాచారం ఆ రంగంలోని వారికి సాధారణంగా తెలియనిదై ఉండాలి. రహస్యంగా ఉండడం వల్లే దానికి వాణిజ్య విలువ ఉండాలి. దాన్ని రహస్యంగా ఉంచడానికి, పరిస్థితులకు తగిన చర్యలు దాని యజమాని తీసుకుని ఉండాలి. యూరప్ 2016 నాటి ఆదేశంలోనూ, అమెరికా అదే ఏడాది చేసిన వాణిజ్య రహస్యాల చట్టంలోనూ ఈ మూడో లక్షణం ఉంది.

ఆ మూడో లక్షణం దగ్గరే వేవర్ క్లాజు మీద పెట్టుకున్న ధీమా కూలిపోతుంది. డిజైన్ కంపెనీ తన నక్షాలు వర్క్‌షాపుల చుట్టూ తిరుగుతున్నాయని తెలిసీ ఊరుకుంది. తయారీదారు మీద దావా వేసే హక్కును అది వదులుకోలేదు, నిజమే. కానీ అదే మౌనం మరో ప్రశ్నకు సాక్ష్యమవుతుంది: ఈ కంపెనీ తన రహస్యాన్ని కాపాడుకోవడానికి తగిన చర్యలు తీసుకుందా? ఇక్కడ చూసేది హక్కు వదులుకున్నారా లేదా అని కాదు, ఏం చేశారని. దానికి ఒప్పందంలోని వాక్యం జవాబు చెప్పలేదు.

మూడోవారి సంగతి ఇంకా కఠినం. తన వాణిజ్య రహస్యాన్ని, దాన్ని కాపాడే బాధ్యత ఏమీ లేనివారికి చెప్పిన యజమాని దాని మీద ఆస్తి హక్కును కోల్పోతాడని అమెరికా సుప్రీంకోర్టు 1984లో మోన్‌శాంటో కేసులో చెప్పింది. ఇంగ్లాండ్‌లో 1968 నాటి కోకో కేసు నుంచి నేటిదాకా కోర్టులు అడిగే మూడు ప్రశ్నలు ఇవి: సమాచారంలో గోప్యత అనే గుణం ఉందా, గోప్యంగా ఉంచాలన్న బాధ్యత ఏర్పడే పరిస్థితుల్లో దాన్ని అందించారా, అనుమతి లేకుండా వాడి నష్టం కలిగించారా. మోపెడ్ ఇంజిన్ డిజైన్ గురించిన ఆ కేసులో వాది కోరిన తాత్కాలిక ఇంజంక్షన్‌ను కోర్టు నిరాకరించిందన్నది గుర్తుంచుకోదగిన విషయం. మొదటి ప్రశ్నకే జవాబు లేకపోతే మిగతా రెండూ అనవసరం.

దాదాపు ప్రతి ఎన్‌డీఏ కూడా, తీసుకున్న పక్షం తప్పు లేకుండా బహిరంగమైన సమాచారం గోప్య సమాచారం కాదని తన నిర్వచనంలోనే చెబుతుంది. వర్క్‌షాపుకు పంపడానికి డిజైన్ కంపెనీ రాతపూర్వకంగా, సంతకంతో, పద్ధతి ప్రకారం మినహాయింపు ఇచ్చి, ఆ వర్క్‌షాపుతో మాత్రం గోప్యతా ఒప్పందం రాయించుకోకపోతే ఏమవుతుంది? నక్షా అక్కడి నుంచి బయటపడితే తయారీదారు తప్పు ఏమీ లేదు. అంటే ఒక సడలింపు, నిర్వచనంలోని ఆ మినహాయింపు గుండా ప్రయాణించి, రక్షణ మొత్తాన్నీ ఎత్తేయగలదు. ఈ రెండు క్లాజులూ ఒప్పందంలో చాలా పేజీల దూరంలో ఉంటాయి. వాటిని కలిపి చదివేవారు తక్కువ.

వదులుకుంటున్నట్టు కనిపించని వదులుకోవడం

హక్కులు వదులుకునే మాట చివరి పేరాలో మాత్రమే ఉంటుందనుకోకండి. అసలైనవి వేరే పేర్లతో ఉంటాయి.

సాంకేతిక రంగంలోని ఎన్‌డీఏల్లో "జ్ఞాపకంలో మిగిలిన సమాచారం" గురించి ఒక క్లాజు కనిపిస్తుంది. పత్రాలు చూడకుండా, కావాలని బట్టీపట్టకుండా, తమ ఉద్యోగులకు గుర్తుండిపోయిన ఆలోచనలను తీసుకునే పక్షం స్వేచ్ఛగా వాడుకోవచ్చని దాని సారాంశం. ఉద్యోగుల బుర్రల్లోంచి విషయాలను తుడిచేయలేం కదా అన్న కారణంలో న్యాయం ఉంది. కానీ ఇచ్చే పక్షానికి విలువైనది ఒక ఆలోచనో, ఒక పద్ధతో అయితే, ఈ ఒక్క క్లాజు మిగతా ఒప్పందం మొత్తాన్నీ బలహీనం చేస్తుంది. నక్షాల్లోని కొలతలు ఎవరికీ గుర్తుండవు, ఒక ఉపాయం మాత్రం ఒక్క సమావేశంలోనే మనసులో నాటుకుపోతుంది. చిన్న కంపెనీ పెద్ద కంపెనీకి తన ఆలోచన చెప్పబోతుంటే, ఈ క్లాజు తీసేయమని అడగాలి. తీయకపోతే, సమావేశంలో ఏం చెప్పాలో అయినా తగ్గించుకోవాలి.

తీసుకునే పక్షం వదులుకునేవి మరికొన్ని ఉంటాయి. "ఉల్లంఘనకు డబ్బు రూపంలో పరిహారం చాలదని ఒప్పుకుంటున్నాం, ఇంజంక్షన్‌కు పూచీకత్తు కట్టాలని పట్టుబట్టే హక్కును వదులుకుంటున్నాం" అన్న వాక్యం వాటిలో ముఖ్యమైనది. తాత్కాలిక ఇంజంక్షన్ పొరపాటున ఇచ్చారని తర్వాత తేలితే, ఎదుటివారికి జరిగిన నష్టం భరించడానికి పూచీకత్తు ఉండాలని అమెరికా ఫెడరల్ కోర్టుల నియమం 65 చెబుతుంది. దాన్ని వదులుకుంటే, తప్పుడు ఇంజంక్షన్ వల్ల వ్యాపారం ఆగిపోయినా రాబట్టుకోవడానికి చేతిలో ఏమీ ఉండకపోవచ్చు. ఈ వాక్యం ఉన్నా కోర్టులు తమ అంచనా తాము వేసుకుంటాయి. అయినా సంతకం పెట్టి మరీ చేతికిచ్చిన వాదన ఎదుటివారికి ఉపయోగపడుతుంది. చిన్న పక్షాలు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

విలీనాల చర్చల్లో ఇంకో రకం కనిపిస్తుంది. ఒక కంపెనీ తన న్యాయవాది ఇచ్చిన సలహా పత్రాలను కొనుగోలుదారుకు చూపిస్తూ, ఇలా చూపించడం వల్ల న్యాయవాది, కక్షిదారు మధ్య ఉండే గోప్యతా రక్షణను వదులుకున్నట్టు కాదని రాయించుకుంటుంది. ఇద్దరి మధ్య ఈ మాట నిలుస్తుంది. మూడోవారు కోర్టుకు వచ్చి, మీరు బయటివారికి చూపించారు కాబట్టి మాకూ చూపించండంటే? ఒక కేసు నడుస్తుండగా ఇలాంటి అంగీకారం కుదుర్చుకున్నా, దాన్ని కోర్టు ఉత్తర్వులో చేర్చితే తప్ప అది కుదుర్చుకున్నవారినే కట్టిపడేస్తుందని అమెరికా 2008లో తెచ్చిన సాక్ష్య నియమం 502 చెబుతోంది. పరిమితంగా చూపించడాన్ని పరిమితంగానే గుర్తించడంలో ఇంగ్లాండ్ కోర్టులు కొంత ఉదారంగా ఉన్నాయి. ఏదేమైనా అలాంటి పత్రాలను వీలైతే అసలు పంపకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఎవరూ వదులుకోలేని హక్కులు

ఉద్యోగులతో సంతకం చేయించుకునే గోప్యతా పత్రాల్లో కొన్ని వాక్యాలు చదివితే, తప్పు జరిగినా ఎవరికీ చెప్పుకునే హక్కు లేదేమో అనిపిస్తుంది. అది నిజం కాదు. తప్పు జరిగినట్టు చట్టం గుర్తించిన పద్ధతిలో ఫిర్యాదు చేయకుండా ఆపే ఏ షరతూ చెల్లదని బ్రిటన్ 1996 ఉద్యోగ హక్కుల చట్టంలోని 43జె సెక్షన్ చెబుతుంది. సెక్యూరిటీస్ చట్టాల ఉల్లంఘనల గురించి అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి చెప్పకుండా ఎవరినీ అడ్డుకోకూడదని, గోప్యతా ఒప్పందాన్ని చూపించి బెదిరించడం కూడా అడ్డుకోవడమేనని 2011లో ఒక నియమం వచ్చింది. దాని కింద 2015లో కేబీఆర్ అనే సంస్థ 1,30,000 డాలర్ల జరిమానా కట్టింది. అంతర్గత విచారణలో సాక్షులతో సంతకం చేయించుకున్న పత్రంలో, న్యాయవిభాగం ముందస్తు అనుమతి లేకుండా మాట్లాడితే క్రమశిక్షణ చర్య ఉంటుందన్న వాక్యం దానికి కారణం. ఆ వాక్యం వల్ల ఎవరైనా నిజంగా ఆగిపోయినట్టు ఎస్‌ఈసీ దృష్టికి రాలేదు. వాక్యం ఉండడమే తప్పయింది. లైంగిక వేధింపుల విషయంలో, వివాదం రాకముందే రాయించుకున్న నోరుమూయించే షరతులను అమెరికా 2022లో స్పీక్ అవుట్ చట్టంతో అమలుకాకుండా చేసింది.

మన కాంట్రాక్టు చట్టంలోనూ దీనికి ఆధారాలున్నాయి. ప్రజాప్రయోజనానికి విరుద్ధమైన ఉద్దేశంతో చేసుకున్న ఒప్పందం చెల్లదని 23వ సెక్షన్, కోర్టుకు వెళ్లే హక్కును పూర్తిగా అడ్డుకునే షరతు చెల్లదని 28వ సెక్షన్ చెబుతాయి. కాబట్టి "ఈ ఒప్పందంపై ఏ కోర్టులోనూ ప్రశ్నించే హక్కును వదులుకుంటున్నాను" అన్న వాక్యం కింద సంతకం పెట్టేశామని భయపడి ఊరుకోవాల్సిన పనిలేదు. ఈ విషయం ఉద్యోగులకు తెలియకపోవడం మీదే అలాంటి వాక్యాల బలమంతా ఆధారపడి ఉంది. అది నాకు బాధ కలిగించే సంగతి.

మినహాయింపు ఇవ్వాల్సి వస్తే

వ్యాపారంలో సడలింపులు తప్పవు. ఇచ్చేటప్పుడు రాసే పత్రం చిన్నదే అయినా, పూర్తిగా ఉండాలి. మన డిజైన్ కంపెనీ ఇలా రాసి ఉండవచ్చు:

"ఒప్పందంలోని 5వ క్లాజు కింద, ఫలానా సంఖ్య గల నక్షాను ఫలానా వర్క్‌షాపుకు, ఫలానా భాగం తయారీ కోసం మాత్రమే, ఈ నెలాఖరు వరకు చూపించడానికి అనుమతిస్తున్నాం. వర్క్‌షాపు దీనికి ముందుగా జతచేసిన గోప్యతా పత్రంపై సంతకం చేయాలి. గడువు ముగిశాక నక్షా ప్రతులన్నీ వెనక్కి రావాలి. ఇంతకుముందు అనుమతి లేకుండా పంపిన వాటి విషయంలో మా హక్కులను వదులుకోవడం లేదు. ఈ అనుమతి మరే నక్షాకూ, మరెవరికీ వర్తించదు."

ఇందులో ఏ క్లాజు, ఏ సమాచారం, ఎవరికి, ఎందుకు, ఎప్పటివరకు అన్నవన్నీ ఉన్నాయి. గతం మాట విడిగా ఉంది. మూడోవారిని బాధ్యతలోకి తెచ్చే షరతు ఉంది. రహస్యాన్ని నిజంగా కాపాడేది ఆ షరతే. రేపు తగిన చర్యలు తీసుకున్నారా అని కోర్టు అడిగితే, చూపించడానికి ఈ పత్రమే పనికొస్తుంది.

ఒప్పందం ముసాయిదా చేతికి వచ్చినప్పుడు ఇంకో చోటు చూడాలి. ఎన్‌డీఏ గడువు ముగిశాక కూడా కొన్ని క్లాజులు కొనసాగుతాయని ఒక జాబితా ఉంటుంది. అందులో గోప్యతా క్లాజు సంఖ్య తప్పకుండా ఉంటుంది. వేవర్ పేరా ఉండే సాధారణ నిబంధనల సంఖ్య చాలాసార్లు ఉండదు. అంటే గడువు ముగిసిన తర్వాతి ఏళ్లలో గోప్యత బాధ్యత మిగిలి ఉంటుంది గానీ, ఆ ఏళ్లలో పాటించిన మౌనం హక్కు వదులుకోవడం కాదని చెప్పే వాక్యం మిగిలి ఉందా అన్నది వాదనకు దొరుకుతుంది. ఎక్కువ ఉల్లంఘనలు బయటపడేది పక్షాల మధ్య రాకపోకలు తగ్గిపోయిన ఆ కాలంలోనే. కొనసాగే క్లాజుల జాబితాలో ఆ సంఖ్యను కూడా చేర్చమని అడిగితే ఎదుటి పక్షం సాధారణంగా అభ్యంతరం చెప్పదు.